ఉత్తరమేరూరు కుండగారికి, వెస్ట్ మాంబళం నుంచి

మహారాజశ్రీ కుండగారికి,

మీరు ఈపాటికి పెంకులై ఎక్కడో కలిసిపోయి ఉంటారు. మీ సంగతి చెక్కిన గుడి గోడలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. పోయిన ఆదివారం మద్రాసు నుంచి తొంభై కిలోమీటర్లు పనిగట్టుకుని వచ్చి చూశాను. నా తమిళం బస్సు బోర్డుల దాకానే కాబట్టి, గుళ్లో ఒక పెద్దాయన విప్పి చెప్పారు.

పరాంతక చోళుడి కాలం, 921 నాటి రాత. ఊళ్లో 30 వాడలు. ఊరి పనులు చూసే కమిటీల్లో ఎవరుండాలో తేల్చడానికి పేర్లు తాటాకుల మీద రాసి మీ కడుపులో వేస్తారు. ఏమీ ఎరగని పిల్లాడు ఒకటి తీస్తాడు. దాన్ని అందుకునే మధ్యస్థుడు ఐదు వేళ్లూ చాపి, అరచేతిలోనే తీసుకోవాలట.

మా ఫ్లాట్ల సెక్రటరీగారు గుర్తొచ్చారు. ఏడేళ్లుగా ఆయన పిడికిలి విప్పగా చూసినవాళ్లు లేరు.

లెక్కలు అప్పజెప్పనివాడు మళ్లీ పోటీకి పనికిరాడట. వాడొక్కడే కాదు, వాడి పిన్ని కొడుకు, మేనత్త కొడుకు, మేనమామ, పిల్లనిచ్చిన మామ, బావమరిది, అల్లుడు, ఎవరూ పనికిరారు! చెక్కినవాడికి చెయ్యి పడిపోయి ఉంటుంది. ఆ వరుసలు మా మీటింగులో చదివితే లిఫ్టు ఆగిపోతుంది (కాంట్రాక్టు బావమరిదిది), నీళ్ల ట్యాంకరూ రాదు (అది మేనత్త కొడుకుది).

మొన్నటి మీటింగుకి ఇరవై నాలుగు ఫ్లాట్లకిగాను ఆరుగురం వచ్చాం, ఇద్దరు మురుకుల కోసం. సెక్రటరీగారు "ఎవరైనా నిలబడతారా?" అని అడిగి, ఎవరూ నోరు తెరవకముందే "సరే, ఏకగ్రీవం" అనేశారు. ఒక చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని రెండో చేత్తో తొడమీద కొట్టుకుంటూ నేనూ చప్పట్లు కొట్టాను.

ఊరు మాత్రం ఏం తక్కువ తిందని! 1688లో పుట్టిన కార్పొరేషన్ మాది. 2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా కౌన్సిలర్లే లేరు. మా వీధిలో ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు.

అయితే మీమీదా ఓ ఫిర్యాదు ఉంది. మీలో పేరు పడాలంటే పన్ను కట్టే భూమి పావు వేలికి మించి ఉండాలట (వేలి అంటే తమిళుల భూమి కొలత లెండి), సొంత స్థలంలో ఇల్లుండాలి, చదువుండాలి. ఏథెన్సువాళ్లూ పదవులకి చీట్లే తీశారు, ఆడవాళ్లనీ బానిసలనీ గుమ్మం బయటే నిలబెట్టి. ఆస్తి, చదువు చూడకుండా అందరికీ ఓటు రావడానికి మాకు 1951-52 ఎన్నికల దాకా పట్టింది. మా వాచ్‌మన్ 2024 ఏప్రిల్ 19న పొద్దున్నే వేసొచ్చాడు. గేటు తీస్తూ ఆ సిరా వేలు నాకు చూపించాడు, నేనింకా లుంగీలోనే ఉన్నాను.

అసోసియేషన్‌లో అతనికి ఓటు లేదు. అద్దెకున్నవాళ్లకీ లేదు. సొంత ఇల్లుంటేనే. మీ నిబంధనలన్నిటిలో మేం పోగొట్టుకోకుండా కాపాడుకున్నది ఈ ఒక్కటే.

ఇంటికొచ్చి చప్పట్ల సంగతి చెబితే మా ఆవిడ నవ్వింది. "ఫ్లాటు నా పేర ఉందండీ, మీ చప్పట్లు చెల్లవు." వచ్చేసారి తనే వస్తుందట, ఏడేళ్ల లెక్కల పుస్తకం అడుగుతుందట. మీ వంశంలో ఎవరైనా ఖాళీగా ఉంటే పంపండి. మూతి కాస్త వెడల్పుగా ఉండాలి, మా పక్కింటి పిల్లాడు బొద్దుగా ఉంటాడు.

ఇట్లు,
చెల్లని చప్పట్లవాడు