గ్రంథాలయంలో ఒక చదరంగం బల్ల

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలు కోసం కూర్చున్న కుర్రాడొకడు ఫోనులో చదరంగం ఓడిపోయాడు. వెంటనే మరో ఆటకు దిగలేదు. ఓడిన ఆటనే మొదటి నుంచి తిప్పి చూసుకున్నాడు. ఇరవై మూడో ఎత్తు పక్కన రెండు ఎర్రటి ప్రశ్నార్థకాలు, అంటే పెద్ద తప్పని గుర్తు. గుర్రం కదలగానే దాని వెనకున్న శకటుకు కాపు పోయింది. ‘ఇదిగో, ఇక్కడే’ అని వేలు పెట్టి స్నేహితుడికి చూపించాడు. ఆ దిద్దుబాటుకు పైసా ఖర్చు కాలేదు, మధ్యలో ప్రకటన ఏదీ అడ్డు రాలేదు.

అతను ఆడింది లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో. 2010లో తిబో డుప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ సరదాగా మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు లాభాపేక్ష లేని సంఘంగా, విరాళాల మీద నడుస్తోంది. విరాళమిచ్చినవారికి పేరు పక్కన చిన్న రెక్క గుర్తు దక్కుతుంది, అంతే. ఆటలో, పాఠాల్లో, విశ్లేషణలో ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ తేడా లేదు. ఆట ముగిశాక తప్పులు పట్టే స్టాక్‌ఫిష్ కూడా ఎవరైనా వాడుకోగల ఉచిత ప్రోగ్రామే. ఆ లెక్కలు కట్టడానికి తమ ఇళ్లలోని కంప్యూటర్లను అరువిచ్చే ఔత్సాహికులున్నారు. మన స్టేషన్లో కూర్చున్న కుర్రాడి తప్పును ఏ దేశంలో ఎవరి యంత్రం పట్టుకుందో!

ఇలాంటి ప్రయత్నానికి ముందు ఒక చేదు అనుభవం ఉంది. ఎక్కడెక్కడివారో కంప్యూటర్ల మీద చదరంగం ఆడుకునేందుకు 1992లో మొదలైన ఇంటర్నెట్ చెస్ సర్వర్ కూడా స్వచ్ఛంద శ్రమతోనే పెరిగింది. 1995లో దాన్ని చందాల వ్యాపారంగా మార్చేశారు. అందుకు సమ్మతించనివారు అదే ఏడాది వేరుపడి ఉచిత సర్వరు పెట్టుకున్నారు. లీచెస్ ప్రోగ్రామును ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి జనానికి నడిపేవారు ఆ మార్పులనూ బయటపెట్టాలి. రేపు ఎవరైనా ఈ వాకిలి మూసినా, పక్కనే మరొకటి తెరుచుకుంటుంది. ఉచితంగా ఇవ్వడం కంటే ఈ ఏర్పాటే గొప్పదని మా అభిప్రాయం.

సిక్కోలు వాసులకు ఇది కొత్త సంగతి కాదు. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు తనకు పురస్కారాలుగా వచ్చిన సొమ్ము పెట్టి 1997లో ఇక్కడ కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం నెలకొల్పారు. రచయితలు, పాఠకులు పాత పత్రికలు, పుస్తకాలు పంపి దాన్ని నింపారు. ఒక్కరు వేసిన పునాది మీద పదిమంది ఇటుకలు పేర్చడం మనం కళ్లారా చూశాం.

అయితే ఫోను ఒక్కటే చాలదు. పోటీల్లో ఆడేది బల్ల మీద, ఎదురుగా మనిషిని పెట్టుకుని. తెరకే అలవాటుపడిన కంటికి నిజమైన పావుల మీద ఏనుగు దాడి ఒక్కోసారి ఆనదు. పైగా టెక్కలి, పాలకొండ, ఇచ్ఛాపురం వైపు ఎన్నో ఇళ్లలో ఫోను ఒక్కటే. అది రాత్రికి గానీ పిల్లల చేతికి రాదు. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయాల కోసం సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో ప్రతి శాఖా గ్రంథాలయంలో రెండు చదరంగం బల్లలు, ఆట తిరగేసుకోవడానికి ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒకటి పెట్టడం జిల్లా గ్రంథాలయ సంస్థకు తలకు మించిన భారమేమీ కాదు. సాయంత్రం బడి విడిచాక రెండు గంటలు తలుపు తెరిచి ఉంచితే చాలు.

వేసవి సెలవులకు ముందే ఆ పని జరగాలని కోరుతున్నాం. మొదటి బల్లకు పావుల పెట్టె మేమిస్తాం.