నాలుగు సిట్టింగులు

(విజయనగరం. మధ్యాహ్నం మూడున్నర. సత్యవతి వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుట్లు బ్లేడుతో విప్పుతోంది. పైడిరాజు గుమ్మంలో నిలబడి చాలాసేపటి నుంచి గొంతు సవరించుకుంటున్నాడు. ఇంక సవరించడానికి గొంతులో ఏమీ మిగల్లేదు.)

పైడిరాజు: రాత్రి మీ చెల్లితో ఫోన్లో మాటాడినావు.

సత్యవతి: రోజూ మాటాడతాను. ఇన్నాళ్ళకి తెలిసిందేటి?

పైడిరాజు: అంతా విన్నాను.

సత్యవతి: ఉల్లిపాయలు తెమ్మంటే మాత్రం వినబడదు.

పైడిరాజు: మాట మార్చకు. బుజ్జిగాడికి నాలుగు సిట్టింగులు అన్నావు.

సత్యవతి: అన్నాను. నాలుగు తక్కువలో తక్కువ. ఆరు కూడా పడొచ్చు. గుంటడి మొహం చూసి చెప్తారట.

పైడిరాజు: మొహం చూస్తే తెలిసిపోతాదేటి, ఎన్ని పడతాయో?

సత్యవతి: మరి? నెలకొకటి. మధ్యలో నాలుగు వారాలు ఖాళీ ఉండాల. లేకపోతే తట్టుకోలేడు.

పైడిరాజు: లెక్కలు కూడా కట్టీసేరు. డబ్బులెవరిస్తారు?

సత్యవతి: మీరే. సిట్టింగుకి మూడు వేలు.

పైడిరాజు: మూడు వేలా! ఆరుగురం కూర్చున్నా అంతవదే... (ఆగాడు) ...ఆరుగురు కూర్చున్నా అంతవదని విన్నాను.

సత్యవతి: (బ్లేడు ఆపి) ఎవరా ఆరుగురు?

పైడిరాజు: ఇప్పుడది కాదు సంగతి. వాణ్ణెవరు తీసుకెళ్తారు?

సత్యవతి: మా శీను. వైజాగులో వాడికి తెలిసిన చోటుందట. మొదటిసారి తనే దగ్గరుండి చేయిస్తానన్నాడు.

పైడిరాజు: మేనమామ! దగ్గరుండి!

సత్యవతి: ఎవరో ఒకరు ఉండొద్దేటి? ముందర మత్తు. ముప్పావుగంట, గంట అలగే ఉంచుతారు. తర్వాతే సూదులు.

పైడిరాజు: (గోడ పట్టుకుని) సూదులు కూడానా?

సత్యవతి: ఒకటిన్నర మిల్లీమీటర్లవి. ఎవరి సూదులు వాళ్ళకే, ప్రతిసారీ కొత్తవి. ఒకళ్ళకి వాడింది ఇంకొకళ్ళకి వాడితే రోగాలొస్తాయి.

పైడిరాజు: అంత జాగ్రత్త కూడానా! అయ్యాక ఇంటికెలగొస్తాడు?

సత్యవతి: బస్సెక్కి. రెండు మూడు రోజులు మొహం ఎర్రగా, కొంచెం ఉబ్బి ఉంటాదంతే. ఎండలోకి వెళ్ళకుండా పడుకుంటే సరి.

పైడిరాజు: మా పెదనాన్న కూడా అలగే ఎర్రగా ఉబ్బి పడుకునీవోడు. ఒకరోజు మరి లేవలేదు.

సత్యవతి: మీ పెదనాన్నకి మొటిమలెక్కడివి?

(ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇక్కడితో గొడవ తీరిపోవాలి. పైడిరాజు సంగతి తెలియని వాళ్ళు అలాగే అనుకుంటారు.)

పైడిరాజు: మొటిమలేటి?

సత్యవతి: బుజ్జిగాడి మొహం మీద గుంటలకండీ! చర్మ డాక్టరు దగ్గరకి. మరి మీరు దేనికనుకున్నారు? (అర్థమైంది. బ్లేడు పక్కన పెట్టి కొంగు నోటికడ్డం పెట్టుకుంది) ఓలమ్మా! మా శీను గుంటణ్ణి బ్రాందీషాపుకి తీసుకెళ్తన్నాడనుకున్నారా?

పైడిరాజు: సిట్టింగని నువ్వే అన్నావు.

సత్యవతి: డాక్టరమ్మే అంది!

పైడిరాజు: అయితే ఆవిడకీ అలవాటుంది. నన్ను మాయ చెయ్యకు. మొటిమలు ఎండాకాలమే తగ్గిపోనాయి కదా? ఇప్పుడు దేనికి సిట్టింగు?

సత్యవతి: తగ్గాకే చెయ్యాల కాబట్టి. మొటిమలు పచ్చిగా ఉండగా వాటి మీద సూదులు నడిపితే చీము మొహమంతా పాకి కొత్త గుంటలు పడతాయి. అందుకే ఇన్నాళ్ళు ఆగమన్నారు. మొటిమలు తగ్గడానికి ముందు మందులిచ్చారు: రాత్రి మొహం కడిగి, పూర్తిగా ఆరాక అడాపలీన్ 0.1 శాతం జెల్లు, శనగ గింజంత మొహం మొత్తానికి. పొద్దున్న బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. వీడు మొదటి వారం ఆత్రం కొద్దీ చెంచాడు రాసీసేడు. చర్మం పొట్టు లేచిపోనాది. గింజంత రాసినా రెండు మూణ్ణెల్లకి గానీ ఫలితం కనబడదు.

పైడిరాజు: ఆ పెరాక్సైడేదో... నా కొత్త తువ్వాలు మీద తెల్ల మచ్చలు?

సత్యవతి: దానివే. రంగు గుడ్డ తగిలితే చాలు, వెలిసిపోతాది. వాడికి తెల్ల తువ్వాలు వేరే ఇచ్చేను. మీదే కావాలంటాడు, ఏటి చెయ్యను? నాన్న తువ్వాలట.

పైడిరాజు: (ఒక క్షణం మెత్తబడి, వెంటనే సర్దుకుని) నేను నాటుసారా ఒలికిందనుకున్నాను. వాసన కూడా చూసేను.

సత్యవతి: వాసనబట్టి బ్రాండు కనిపెట్టే మనిషి, సబ్బు వాసన గుర్తుపట్టలేకపోనారు.

పైడిరాజు: సరే. మచ్చలకి అంత ఖర్చెందుకు? నిమ్మకాయ రాస్తే పోదా?

సత్యవతి: నిమ్మకాయ గ్లాసు పక్కన పెట్టుకోడానికి. మొహానికి కాదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకెళ్తే కాలి ఇంకా నల్లబడతాది. మీ అమ్మ టూత్‌పేస్టు కూడా రాసీసింది గుంటడికి. పళ్ళు తోముకోమని ఇచ్చింది కంపెనీవాడు, చర్మం తోమమని కాదు.

పైడిరాజు: మా అమ్మనెందుకు లాగుతావు?

సత్యవతి: గిల్లింది ఆవిడే కాబట్టి! ముక్కు పక్కన మొటిమని రెండు గోళ్ళతో నొక్కి, "అదిగో వచ్చీసింది" అని సంబరపడింది. బయటికొచ్చింది చిటికెడు. మిగతాది లోపల గోడ పగిలి కిందకి దిగింది. అక్కడ వాచి, చర్మాన్ని పట్టుకునే కొల్లాజెన్ కరిగిపోతే పడేదే గుంట. మీరు తెచ్చిన ట్యూబు సంగతి చెప్పమంటారా?

పైడిరాజు: అది మెడికల్ షాపు కుర్రోడు మంచిదన్నాడు. వారంలో తెల్లగా అయ్యేడు కూడా.

సత్యవతి: స్టెరాయిడ్ కలిసిన క్రీము. వారం మెరుస్తాది. మానేస్తే ఎర్రబడి, మండి, ముందరికంటే ఎక్కువ పొక్కులు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి నరాలు కనబడతాయి. డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి "ఎవరు తెచ్చారు?" అంది. వాడు మీ పేరు చెప్పలేదు. మేనమామ అన్నాడు.

పైడిరాజు: బంగారం నా కొడుకు.

సత్యవతి: మా శీను మాత్రం అక్కడ కూడా దొంగయిపోనాడు. ఇటు రండి. సెల్లు లైటు వెయ్యండి. నాకు కాదు, మీ మొహం మీద. ఎదురుగా కాదండీ, పక్కనుంచి! ఎదురుగా వేస్తే గుంట కనబడదు, నీడ పడాల. ఆఁ. ఇదిగో, చెంప మీద నల్లగా ఉందే, ఇది ఒట్టి రంగు. వేలుతో తడిమితే ఏటీ తగల్దు. బుజ్జిగాడికి ఇలాంటివి సగం. అవి ఎండకి కాచుకుంటే నెలల్లో వాటంతటవే పల్చబడతాయి, కొన్నిటికి ఏడాది పడతాది. రోజూ ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీను రెండు వేళ్ళ పొడుగునా తీసి రాయాల. ఎండలో తిరిగితే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాల. దీనికి సిట్టింగు అక్కర్లేదు.

పైడిరాజు: వేలు తియ్యి, గిలిగా ఉంది.

సత్యవతి: కదలకండి. ఇదిగో, ఇక్కడ వేలికి పల్లం తగులుతోంది. ఇది గుంట. ఏ క్రీము రాసినా ఇది నిండదు. ఇప్పుడు చర్మం ఇలా లాగితే... చూసేరా, మాయమైపోనాది.

పైడిరాజు: నా మొహం నాకెలా కనబడతాది?

సత్యవతి: పోనీ నన్ను నమ్మండి, ఈ ఒక్కసారికి. లాగితే పోయేది రోలింగ్ గుంట. వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటాది. దీన్ని కింద నుంచి పీచు పట్టి లాగుతోంది. (జాకెట్టు చేతిలోకి తీసుకుంది) ఇదిగో, ఈ చంక దగ్గర బట్ట ముడత పడింది కదా. పైనుంచి ఎన్నిసార్లు ఇస్త్రీ చేస్తే పోతాది? కింద దారం బిగిసిపోయింది. బ్లేడుతో ఆ దారం తెంపితే... అదీ, బట్ట లేచిపోనాది. డాక్టరు కూడా అంతే. పక్కనుంచి సూది దూర్చి, చర్మం కింద ఆ పీచు కోసేస్తారు. సబ్సిషన్ అంటారు. వారం, పది రోజులు కమిలినట్టు నీలంగా ఉంటాది, అంతే.

పైడిరాజు: మరి ఈ ముక్కు పక్కది? లాగినా పోలేదేటి?

సత్యవతి: ఇది ఐస్ పిక్. సన్నం, రెండు మిల్లీమీటర్ల లోపే, లోతు మాత్రం ఎక్కువ. సిట్టింగులో మొహం మీద నడిపే సూదుల రోలరు దీని అడుగుకి అందదు. దీనికి ఆసిడ్ పెడతారు.

పైడిరాజు: ఆసిడ్డా! మీ తమ్ముడు మొదట సారా, ఇప్పుడు ఆసిడ్!

సత్యవతి: టీసీఏ, అంటే ట్రైక్లోరోఅసిటిక్ ఆసిడ్. 70 నుంచి 100 శాతం. సన్నటి పుల్ల మొనతో గుంట లోపల మాత్రమే ముట్టిస్తారు. తెల్లబడగానే తీసేస్తారు. పక్కకి అంటితే గుంట ఇంకా వెడల్పవుతాది, అందుకే చెయ్యి తిరిగిన వాళ్ళే చెయ్యాల. చెక్కు కట్టి వారంలో రాలుతాది. గిల్లకూడదు. మీ అమ్మని ఆ వారం మీ అన్నయ్య ఇంటికి పంపీద్దాం.

పైడిరాజు: లేజర్ అని పేపర్లో వేస్తారు కదా, ఒక్కసారికే పోతాదని.

సత్యవతి: ఒక్కసారికే పోయేది డబ్బు. మన చామనచాయకి వేడి ఎక్కువైతే గుంట పోవడం మాటటుంచి నల్ల మచ్చ పడతాది. తక్కువ వేడితో, చూసుకుని చెయ్యాల. వీడికి ముందు సూదులే అన్నారు.

పైడిరాజు: ఆ సూదుల రోలరు ఆన్‌లైన్లో నాలుగొందలకి ఉంది. నువ్వే తిప్పీ.

సత్యవతి: ఇళ్ళల్లో వాడేవి పొట్టి సూదులు, గుంట అడుగుకి చేరవు. పొడుగువి కొంటే ఎంత కడిగినా రక్తం ఇరుక్కునే ఉంటాది. రెండోసారికి మొనలు వంగి చర్మాన్ని పొడవవు, చీరుతాయి. మిగిలిన రెండువేల ఆరొందలూ చీము మందులకి పోతాయి. ఇంకోటి, నాలుగో సిట్టింగు అయిన మర్నాడు "ఏదీ, తగ్గలేదే" అనకండి. సూదులు గుచ్చిన చోట కొత్త కొల్లాజెన్ నెమ్మదిగా పుడతాది. మూణ్ణెల్లు ఆగితే గానీ తెలీదు. పూర్తిగా పోవు కూడా. సగం పైన తగ్గితే సంతోషించాల.

పైడిరాజు: సగం తగ్గడానికి సిట్టింగుకి మూడు వేలా! పోనీలే... నాకింతకాలం ఈ గుంటలున్నాయి, నేనేటైనా పోయేనా?

సత్యవతి: పెళ్ళిచూపుల్లో మా పిన్ని అంది, "మొహమంతా గుంటలే" అని. నేను ఒప్పీసుకున్నాను.

పైడిరాజు: ఎందుకు?

సత్యవతి: ఈ మొహమేసుకుని, రెండు ప్లేట్ల పకోడీలు తిని, దర్జాగా మూడోది అడిగేరు. మోసం చేసే మనిషి అలగడగడనిపించింది.

(పైడిరాజు సెల్లు లైటు ఆర్పలేదు. పైగా రెండో చెంప తిప్పాడు.)

పైడిరాజు: నాకెన్ని సిట్టింగులు పడతాయంటావు?

సత్యవతి: ఆ ఆరుగురితో కూర్చున్నవి చాలవేటి?

పైడిరాజు: విన్నానన్నాను గానీ కూర్చున్నాననలేదే. సత్యా... ఒక మాట. కోప్పడకు. పొద్దున్న మీ నాన్నకి ఫోన్ చేసేను.

సత్యవతి: ఏటని?

పైడిరాజు: మీ కొడుకు నా కొడుకుని సిట్టింగులకి తిప్పుతున్నాడని. సూదుల సంగతి అప్పటికి తెలీదు, లేకపోతే అదీ చెప్పీవోణ్ణి.

సత్యవతి: అయ్యో రాత! మా నాన్న ఏటన్నారు?

పైడిరాజు: ఏటీ అన్లేదు. "బయల్దేరతన్నాను" అన్నారు. రాజాం బస్సు ఇంకో అరగంటలో కాంప్లెక్సుకి వస్తాది. ఒక్కరే కాదు. ఊళ్ళో మందు మాన్పించీ ఆయనున్నాడట, ఆకుపసరు ఇస్తాడట. ఆయన్ని కూడా వెంటబెట్టుకొస్తన్నారు.

సత్యవతి: పసరు కూడా తెస్తన్నాడా?

పైడిరాజు: సీసాడు. వెనక్కి పంపీద్దామా?

సత్యవతి: అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఉత్తి చేతుల్తో పంపితే బావుంటాదేటి? బుజ్జిగాడికి అక్కర్లేదు. (కుట్టుమిషను మీద జాకెట్టు సర్దుతూ) మొహం కడుక్కుని రండి. పరగడుపున కాకపోయినా పనిచేస్తాదేమో అడుగుదాం.