తప్పు చేసిన పిల్లాడు మళ్లీ బంతి అడగాలి

హైదరాబాద్‌లో ఒకప్పుడు పిల్లలకు ఫుట్‌బాల్ పోటీలు విచిత్రంగా జరిగేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి, కాళ్ల దగ్గర పెట్టుకుని తిరగకూడదు. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాడైతే ఎడమ కాలే గతి. వీటిని పెట్టించింది సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా మొదలై, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘాన్ని నడిపి, 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిపించిన భారత జట్టు కోచ్. ఆయన చేతికింద ఆడినవాళ్లు చివరిదాకా రహీం సాబ్ అనే పిలిచారు.

ఆ పోటీల గురించి చెప్పేవాళ్లు నైపుణ్యం గురించే చెబుతారు. రెండు కాళ్లూ పనిచేయాలని, బంతిని త్వరగా కదిలించడం రావాలని పెట్టాడంటారు. అది నిజం. నాకు మాత్రం వాటిలో ఇంకో సంగతి కనిపిస్తుంది. వాటం లేని కాలితో ఆడమంటే గ్రౌండ్‌లో ఉన్న అందరూ తడబడతారు. రోజూ గోల్స్ కొట్టేవాడి బంతి కూడా పక్కకు పోతుంది. నిన్నటిదాకా భయపడుతూ మూల నిలబడ్డవాడు, ‘వీడికీ రావడం లేదే’ అని మొదటిసారి చూస్తాడు. అందరూ తప్పులు చేస్తున్నచోట తప్పుకు సిగ్గు అంటుకోదు. పిల్లలు ధైర్యంగా ప్రయత్నించే స్థలాన్ని ఆయన ఒక్క నియమంతో తయారుచేశాడు. ‘భయపడకండి’ అని ఉపన్యాసం చెప్పాల్సిన అవసరం కూడా లేకుండా.

ఆత్మవిశ్వాసం అనే మాటను మన అకాడమీల ఫ్లెక్సీల మీద పెద్ద అక్షరాల్లో చూస్తుంటాం. గ్రౌండ్‌లో దాన్ని గుర్తుపట్టడం ఎలా? నేను చూసే గుర్తు ఒక్కటే. బంతి పోగొట్టుకున్న పిల్లాడు మరుసటి నిమిషంలో మళ్లీ బంతి అడుగుతున్నాడా, లేక ఎవరి వెనకైనా దాక్కుంటున్నాడా? ఫుట్‌బాల్‌లో దాక్కోవడం చాలా తేలిక. పరుగెడుతూనే దాక్కోవచ్చు. పాస్ రాకుండా ప్రత్యర్థి వెనక నిలబడితే చాలు, బయటినుంచి చూసేవాళ్లకు కష్టపడుతున్నట్టే ఉంటుంది. పది పన్నెండేళ్లకే ఆ విద్య నేర్చిన పిల్లలు మన జట్లలో ఎందరో ఉన్నారు. వాళ్లకు కాళ్లు రాక కాదు. బంతి వస్తే తిట్లు వస్తాయని తెలిసి.

ఏ ఆదివారం పొద్దునైనా పిల్లల మ్యాచ్‌లు జరిగే టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఆటకంటే గీత బయటి అరుపులే ముందు చెవినపడతాయి. “కొట్టు, కొట్టు!” “పాస్ ఇయ్‌రా!” “వెనక్కి చూడు!” “అక్కడేం చేస్తున్నవ్?” కోచ్ ఒకటి అంటాడు, పిల్లాడి నాన్న ఇంకొకటి అంటాడు, పక్క పిల్లాడి బాబాయి మూడోది. ఈ మధ్య ఒక మ్యాచ్‌లో చూశాను. పదకొండేళ్లవాడు బంతి అందుకుని తలెత్తాడు. ఎదురుగా పరుగెడుతున్న స్నేహితుడి వైపు కాదు, కంచె అవతల నిలబడ్డ తండ్రి వైపు. ఆ అర సెకనులో బంతి పోయింది. తిట్టు పడింది. ఆ తర్వాత వాడు బంతి దగ్గరికి రాలేదు.

ఇక్కడ తండ్రిని దుర్మార్గుడని అనడం లేదు. కొడుకు బాగా ఆడాలనే ఆయన గొంతు చించుకుంటున్నాడు. కాకపోతే ఆట ఎలా పనిచేస్తుందో గమనించలేదు. బంతి కాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు చూడాలి, తేల్చుకోవాలి, చేయాలి. ఈ మూడింటిలో మొదటి రెండూ బయటినుంచి మనమే చేసేస్తే పిల్లాడికి మూడోది మాత్రమే మిగులుతుంది. ఆదివారం మ్యాచ్ గెలవొచ్చు. పదహారేళ్లప్పుడు, చెప్పేవాళ్లు లేని పెద్ద మైదానంలో, వాడికి ఏం తోచదు. నిర్ణయం తీసుకుని తప్పు చేయడమూ, మళ్లీ నిర్ణయం తీసుకోవడమూ ఎన్నో వందలసార్లు జరిగితేగానీ ఆ చూపు రాదు. ఓర్పు అవసరమయ్యేది సరిగ్గా అక్కడే. ఓర్పు గల కోచ్ మౌనంగా కూర్చునేవాడు కాదు. ఆట నడుస్తున్నప్పుడు నోరు కట్టుకుని, ఆగినప్పుడు పిల్లాడిని పిలిచి ‘అప్పుడు నీకు ఏం కనిపించింది?’ అని అడిగేవాడు. జవాబు విన్నాక ఒక్క విషయం సరిచేస్తాడు. ఆరు విషయాలు చెప్పే కోచ్ తన తెలివి చూపిస్తున్నాడు, అంతే.

కొన్నిసార్లు భయం కొలతల్లోనే ఉంటుంది. పెద్దల గోల్‌పోస్టు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. మన దగ్గర పదేళ్ల పిల్లాడిని దాని కింద నిలబెట్టి గోల్‌కీపర్ అంటున్నాం. వాడి ఎత్తు నాలుగున్నర అడుగులు. ఎగిరినా చెయ్యి అందని చోట నుంచి బంతి లోపలికి పోతుంటే, ఆరు గోల్స్ తిన్నాక ఇంటికెళ్లి ‘నాకు కీపింగ్ రాదు’ అంటాడు. రాకపోవడం కాదు, అందకపోవడం. బంతి సంగతీ అంతే. పెద్దలు ఆడే అయిదో నంబరు బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు. ఎనిమిదేళ్ల వాళ్లకు మూడు, ఆ పైవాళ్లకు నాలుగో నంబరు ఉండాలి. చాలా చోట్ల అందరికీ అయిదో నంబరే, ఎందుకంటే కొన్నది అదే. పదకొండు మందితో పెద్ద గ్రౌండ్‌లో ఆడిస్తే మందకొడిగా ఉండే పిల్లాడికి మ్యాచంతా కలిపి బంతి నాలుగైదుసార్లు అందితే గొప్ప. ఆ నాలుగైదింటిలో రెండు పోయాయంటే వాడి లెక్కలో తను సగం విఫలమైనట్టే. నలుగురు నలుగురుగా చిన్న జాగాలో ఆడిస్తే బంతి పదేపదే వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. పోవడం మామూలైపోతుంది. జర్మనీ ఫుట్‌బాల్ సంఘం 2024-25 సీజన్ నుంచి చిన్నపిల్లలకు ఇలాంటి చిన్న ఆటలనే దేశమంతా తప్పనిసరి చేసింది. నాలుగు ప్రపంచ కప్పులు గెలిచిన దేశం అది.

మళ్లీ రహీం సాబ్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఓర్పు అంటే పరాయి దేశపు పద్ధతి అనుకునేవాళ్లు మనలో ఎక్కువ. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రాడు తులసీదాస్ బలరాం. ప్రాక్టీసుకు రమ్మంటే రోజూ అంత దూరం రావడానికి డబ్బు లేదన్నాడు. రహీం సాబ్ రోజుకో రూపాయి చేతిలో పెట్టి, అద్దె సైకిల్ తీసుకుని రమ్మన్నాడు. ఈ సంగతి బలరామే తర్వాత రోజుల్లో చెప్పుకున్నాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో ఆ కుర్రాడున్నాడు. 1962 జకార్తా స్వర్ణంలోనూ ఉన్నాడు. ఆ రూపాయిని దానం అనుకుంటే పొరపాటు. ‘నువ్వు రేపు కూడా రావాలి’ అని ఒక పెద్దాయన రోజూ చెప్పడం అది. భుజం తట్టి ‘నువ్వు చేయగలవు’ అనడం కంటే అది బలంగా పనిచేస్తుందని నా నమ్మకం. పొగడ్తను పిల్లలు ఇట్టే పసిగడతారు. నిజంగా బాగా ఆడనప్పుడు ‘సూపర్’ అంటే ఆ మాట విలువ అక్కడితో సరి. రేపటికి కూడా చోటుందన్న భరోసా వేరు.

ఓటమి విషయం చూడండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో రహీం సాబ్ భారత జట్టు 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. నెవిల్ డిసౌజా గోల్‌తో ముందుగా ఆధిక్యం మనదే. చివరికి 4-1తో ఓడినా ఆ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. జకార్తాలో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో పోయింది. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించారు. ఓడించిన జట్టు ఎదురుగా మళ్లీ నిలబడి బంతి అడిగిన మనుషులు వాళ్లు. అది ఒక్క వారంలో పుట్టిన గుణం కాదు.

ఇప్పుడు మన తొందర గురించి. పదేళ్ల వయసులో సెలక్షన్స్ పెట్టి ‘ఎ’ జట్టు, ‘బి’ జట్టు అని చీలుస్తున్నాం. వయసు లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టినవాడూ, డిసెంబరులో పుట్టినవాడూ ఒకే విభాగంలో పోటీపడతారు. పదేళ్ల పిల్లలకు పదకొండు నెలల తేడా అంటే బతికిన కాలంలో దాదాపు పదో వంతు. పెద్దవాడు గుద్దితే చిన్నవాడు పడతాడు, కోచ్ పెద్దవాడిని తీసుకుంటాడు, ఆ పెద్దవాడికి ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి, ఇంకా మెరుగవుతాడు. రెండేళ్ల తర్వాత ‘చూశారా, మా ఎంపిక సరైనదే’ అంటాం. ఎంపికే తేడాను పెంచిందని ఎవరూ అనరు. దీనికి తోడు దొంగ వయసు సర్టిఫికెట్లు. నిజం వయసుతో ఆడే పిల్లాడు తనకంటే రెండేళ్లు పెద్దవాళ్లతో తలపడుతూ, తనలోనే ఏదో లోపముందనుకుని బూట్లు విప్పేస్తున్నాడు. పిల్లల ధైర్యాన్ని ఇంతగా దెబ్బతీసే మోసం ఈ ఆటలో ఇంకొకటి లేదు.

ఎంపికలో తప్పులు ఎంత పెద్దవో తెలియడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2017లో ఢిల్లీలో అండర్-17 ప్రపంచ కప్ మ్యాచ్. కొలంబియా మీద మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ తలతో కొట్టిన బంతి, ఫిఫా ప్రపంచ కప్పుల్లో భారత్ తొలి గోల్ అయింది. ఆ జట్టు తయారీలో మొదట పక్కన పెట్టేసిన ఆటగాడు అతను. కోచ్ మారాక చోటు దొరికింది. ఇంగ్లండ్ కెప్టెన్ హ్యారీ కేన్‌ను చిన్నప్పుడే లండన్ క్లబ్ ఆర్సెనల్ వద్దంది. వీళ్లకు రెండో తలుపు తెరుచుకుంది కాబట్టి పేర్లు తెలిశాయి. తెరుచుకోని వాళ్ల పేర్లు మనకెలా తెలుస్తాయి?

నార్వే దీన్ని నియమంగానే రాసుకుంది. 1987 నుంచి అక్కడ పిల్లల క్రీడలకు ప్రత్యేక నిబంధనలున్నాయి. పదకొండేళ్ల లోపు పిల్లల పోటీలకు పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ఉండవు. పదమూడేళ్ల లోపు జాతీయ చాంపియన్‌షిప్ ఉండదు. బ్రూనె అనే చిన్న ఊళ్లో దాదాపు నలభై మంది పిల్లల బృందాన్ని ఏళ్ల తరబడి గట్టివాళ్లు, బలహీనులు అని విడదీయకుండా కలిపి ఆడించారు. అందులో సన్నగా, చిన్నగా ఉండే ఒక పిల్లాడి పేరు ఎర్లింగ్ హాలండ్, ఇవాళ ప్రపంచమంతా తెలిసిన గోల్స్ వీరుడు. అతను ఆడే జాతీయ జట్టు 1998 తర్వాత మళ్లీ 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. డబ్బున్న దేశం, మంచి ఇండోర్ హాళ్లున్న దేశం, నిజమే. కానీ పట్టిక వేయకపోవడానికి డబ్బు ఖర్చు కాదు.

మన తొందరకు ఇంకో కారణముంది, అది మన తెలుగు ఇళ్లలోనే ఉంది. పదో తరగతి రాగానే బూట్లు అటకెక్కుతాయి. ఇంటర్‌లో హాస్టల్, స్టడీ అవర్స్, ఎంట్రన్స్‌లు. అంటే పిల్లాడి దగ్గర ఆటకు మిగిలేది పద్నాలుగేళ్ల దాకానే. ఆ లోపే కప్పులు, సర్టిఫికెట్లు రావాలని తల్లిదండ్రులకు ఆత్రం, తెప్పించకపోతే పేరు పోతుందని కోచ్‌కు భయం. ఒళ్లు ఆలస్యంగా ఎదిగే పిల్లాడికి ఆట అసలు మొదలయ్యేది పదిహేను, పదహారులో. సరిగ్గా అప్పుడే వాడిని గ్రౌండ్ నుంచి తీసేస్తున్నాం. పదో తరగతిలో వారానికి రెండు సాయంత్రాలు మిగల్చగలిగితే, కోచ్ మీద తొందర ఎంతో తగ్గుతుంది. ఆడపిల్లలకైతే ఆ గడువు ఇంకా చిన్నది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడింది. పన్నెండేళ్లకే ‘ఇక చాలు’ అని ఇంట్లో అని ఉంటే ఆ దారి ఉండేదా?

కోచ్‌ల పక్షాన కూడా మాట్లాడాలి. టర్ఫ్‌కు గంటల లెక్కన అద్దె, పిల్లలకు నెలల లెక్కన ఫీజు. వరసగా మూడు మ్యాచ్‌లు ఓడితే నలుగురు తల్లిదండ్రులు వేరే అకాడమీకి వెళతారు. జీతం అందులోంచే రావాల్సిన మనిషికి ‘ఓర్పు పట్టు’ అని చెప్పడం తేలిక. అందుకే దీన్ని ఒక్క కోచ్ మంచితనానికి వదిలేయకూడదు. పోటీ నిబంధనల్లోనే ఉంటే ఏ కోచ్‌కూ నష్టం లేదు. ఓర్పు అంటే ముద్దు చేయడమనే వాదనా వింటుంటాను. రహీం సాబ్ క్రమశిక్షణలో ఎంత కఠినుడో ఆయన శిష్యులే చెప్పారు. ప్రాక్టీసుకు వేళకు రానివాడిని నిలదీయండి, తోటివాడిని గేలి చేసినవాడిని బయట కూర్చోబెట్టండి. కష్టమైన పాస్ ప్రయత్నించి తప్పినవాడిని మాత్రం వదిలేయండి. ఈ రెండింటినీ ఒకే గొంతుతో తిట్టడం వల్లే పిల్లలకు ఏది తప్పో తెలియకుండా పోతోంది.

జిల్లా సంఘాలు, స్కూళ్లు, లీగ్‌లు నడిపే అకాడమీలు వచ్చే సీజన్ నుంచే చేయగలిగినవి ఉన్నాయి. పన్నెండేళ్ల లోపు పోటీల్లో పాయింట్ల పట్టిక వద్దు. జట్టుతో వచ్చిన ప్రతి పిల్లాడూ, ప్రతి పిల్లా కనీసం సగం మ్యాచ్ ఆడాలి. రిఫరీ ఆ లెక్క రాయాలి. పదేళ్లవాళ్లకు నాలుగో నంబరు బంతి. తల్లిదండ్రులు గీతకు పది అడుగుల వెనక కూర్చోవాలి, చప్పట్లు ఎన్నైనా కొట్టొచ్చు. నెలకొక ఆదివారం వాటం లేని కాలితో మాత్రమే ఆడే పోటీ పెట్టాలి. ఇది మన ఊళ్లో పుట్టినదే కదా. చిన్న గోల్‌పోస్టులకు డబ్బు లేకపోతే రెండు కోన్లు పెట్టండి, అవీ లేకపోతే రెండు స్కూల్ బ్యాగులు.