సవరణ: అయిదేళ్లు నిండని బిడ్డ కస్టడీ గురించి

అయిదేళ్లు నిండని బిడ్డను చట్టం ఎట్టి పరిస్థితిలోనూ తల్లికే ఇస్తుందని గతవారం రాశాను, అది తప్పు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ అలాంటి బిడ్డ ‘సాధారణంగా’ తల్లి దగ్గర ఉండాలని మాత్రమే చెబుతుంది, ఆ ఒక్క మాట నేను వదిలేయడంతో అర్థమే మారిపోయింది. తిరుపతి కొర్లగుంటలో ఎనిమిది నెలల పాపను ఒడిలో పెట్టుకొని నా రాత చదివిన ఒకావిడ, “అయితే కోర్టుకు పోయే పనే లేదు కదన్నా?” అని అడిగితే గాని నా పొరపాటు ఎంత దూరం పోయిందో తెలియలేదు.

పనుంది. అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యం కనుక, తల్లి దగ్గర బిడ్డకు హాని ఉందని తండ్రి రుజువు చేయగలిగితే కోర్టు వేరే విధంగా నిర్ణయించవచ్చు. తల్లిపాల మాట ఈ రెండు సెక్షన్లలోనూ లేదు. అయినా పాలు తాగే బిడ్డ విషయంలో అది క్షేమంలో భాగంగా గట్టి వాదనే అవుతుంది కాబట్టి, పిటిషన్‌లో స్పష్టంగా రాయించుకోవాలి. ఆ పిటిషన్‌ను 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా నివసించే చోటే వేయాలి. భర్త చిత్తూరులో ఉన్నా, బిడ్డ పెరిగేది తిరుపతిలో అయితే తిరుపతిలోనే.

పైన చెప్పిన 1956 చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తించేది. ఆ సంగతీ అప్పుడు చెప్పలేదు.