రూట్లు మార్చే ముందు

ప్రాంతీయ బస్సు వ్యవస్థను మార్చాలని తలపెట్టిన ప్రతిచోటా ప్రజల ముందుకు మొదట వచ్చేది మ్యాపు. తమ ఊరి మీదుగా వెళ్లే గీత చెరిగిపోయినవారు రోడ్డెక్కుతారు, మిగిలినవారు మిన్నకుంటారు. ఒత్తిడి వచ్చిన చోటల్లా గీతలు వంకర్లు తిరుగుతాయి. చివరికి పాతదానికంటే గజిబిజిగా తయారైన వ్యవస్థ ప్రయాణికుల నెత్తిన పడుతుంది. మ్యాపు కంటే ముందు తేల్చవలసిన ప్రశ్నను దాటవేయడమే ఇందుకు కారణమని మేము భావిస్తున్నాం.

ఉన్న బస్సుల్లో ఎన్నింటిని రద్దీ దారుల్లో వెంటవెంటనే నడపాలి? ఎన్నింటిని, ఎక్కేవారు కొద్దిమందే అయినా మరో ఆధారం లేని ఊళ్లకు కేటాయించాలి? రెండు కోరికలూ న్యాయమైనవే. గంటకొక బస్సు ఉన్న దారిలో ప్రయాణికుడు సగటున అరగంట నిలబడాలి. పావుగంటకొకటి నడిస్తే ఆ నిరీక్షణ ఏడెనిమిది నిమిషాలకు తగ్గుతుంది. అయితే అందుకు నాలుగు రెట్ల బస్సులు కావాలి. కొత్తవి కొనకపోతే వాటిని మరో దారి నుంచే తీయాలి.

డిపోలో వేళల పట్టిక వేసేవారికి ఈ లెక్క కంఠతా వచ్చు. రానుపోను గంటా యాభై నిమిషాలు పట్టే రూటు ఒకటి తీసుకుందాం. సిబ్బంది విరామం పది నిమిషాలు కలిపితే రెండు గంటలు. రెండు బస్సులతో గంటకొక సర్వీసు చక్కగా నడుస్తుంది. ప్రధాన రహదారికి రెండు కిలోమీటర్ల లోపలున్న ఊరికి కూడా వెళ్లి రమ్మంటే వెళ్లేటప్పుడు ఆరు నిమిషాలు, వచ్చేటప్పుడు ఆరు నిమిషాలు పెరుగుతాయి. ఆ పన్నెండు నిమిషాలతో లెక్క మొత్తం తలకిందులవుతుంది. మూడో బస్సును, దానికి సిబ్బందిని తేవాలి. లేదా 66 నిమిషాలకొక బస్సు నడపాలి, ఆ వేళలు ఎవరికీ గుర్తుండవు. అదీ కాదంటే డ్రైవర్ విరామాన్ని మింగేయాలి, అప్పుడు సాయంత్రానికి ప్రతి ట్రిప్పూ ఆలస్యమే. అలాగని లోపలి ఊళ్లోని వృద్ధురాలు రెండు కిలోమీటర్లు నడిచి రావాలనడం ధర్మం కాదు. ఈ రెండింటిలో దేనికి ఓటు వేయాలన్నది డిపో అధికారి తేల్చే విషయం కాదు. ప్రజలకు జవాబుదారులైనవారు బహిరంగంగా తేల్చాలి.

అమెరికాలోని హ్యూస్టన్ నగరం 2015 ఆగస్టులో తన బస్సు రూట్లను దాదాపు మొత్తంగా ఒక్క రాత్రిలో మార్చింది. అంతకు ముందే రవాణా సంస్థ పాలకమండలి ఒక నిష్పత్తిని ఖరారు చేసింది: సుమారు 80 శాతం సర్వీసులు జనం ఎక్కువగా ఎక్కే చోటికి, 20 శాతం మారుమూల అవసరాలకు. ఆ నిష్పత్తి సరైనదేనా అని వాదించవచ్చు. వాదించడానికి ఒక అంకె ఎదుట ఉండటమే మాకు ముఖ్యంగా కనిపిస్తోంది. మారుమూల కోసమని కేటాయించిన సర్వీసును ఆ తర్వాత కలెక్షన్ చాలలేదంటూ ఎత్తివేసే హక్కు కూడా అప్పుడు ఎవరికీ ఉండదు.

కొత్త ప్రణాళికలు సాధారణంగా పొడవాటి రూట్లను తెంచి మధ్యలో బస్సు మారమంటాయి. అందులో తప్పేమీ లేదు, మారడం సాఫీగా సాగితే. చిలీ రాజధాని శాంటియాగోలో 2007 ఫిబ్రవరిలో వ్యవస్థను ఒక్కసారిగా మార్చారు. తగినన్ని బస్సులు రోడ్డెక్కలేదు, జనమంతా మెట్రో రైళ్ల మీద పడ్డారు. పనులు సవ్యంగా జరగలేదని దేశాధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ స్వయంగా ఒప్పుకోవలసి వచ్చింది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2004 జులై 1న మార్పు మొదలైన రోజూ కార్డు యంత్రాలు మొరాయించి గందరగోళం రేగింది. అయితే అక్కడ బస్సు మారినా, మెట్రో ఎక్కినా ప్రయాణించిన మొత్తం దూరానికే ఛార్జీ లెక్కగట్టారు. మారినందుకు జరిమానా కట్టినట్టు ప్రయాణికుడికి అనిపించలేదు. ఆ సంస్కరణ నిలబడింది.

టికెట్టు ఒకటైతే చాలదు, వేళలూ కలవాలి. గంటకొక బస్సు ఉన్నచోట రెండు నిమిషాలు తప్పితే 58 నిమిషాల పడిగాపులు. స్విట్జర్లాండ్ 1982 నుంచి రైళ్లను ప్రతి గంటా అవే నిమిషాలకు నడుపుతోంది. తపాలా సంస్థ పల్లెలకు నడిపే ప్రయాణికుల బస్సుల వేళలను ఆ రైళ్లకు అనుగుణంగా కుదురుస్తారు. ఇది ఖరీదైన యంత్రాలతో అయ్యే పని కాదు, రెండు సంస్థలు ఒక బల్ల ముందు కూర్చుంటే అయ్యేది.

అభిప్రాయ సేకరణ మొక్కుబడి కాకూడదు. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో 2018లో ప్రకటించిన కొత్త బస్సు రూట్ల ముసాయిదాను వెల్లువెత్తిన అభ్యంతరాల తర్వాత 2019లో సవరించారు, 2021 నుంచి దశలవారీగా అమలు మొదలుపెట్టారు. ఆ జాప్యం వృథా అని మేము అనుకోవడం లేదు.

అన్నిటికంటే మమ్మల్ని ఆందోళనకు గురిచేసేది రాత్రి చివరి ట్రిప్పు. నలుగురైదుగురితో నడిచే ఆ బస్సు మీదే కోత కత్తి మొదట పడుతుంది. పొద్దుపోయాక పని ముగించుకునే నర్సుకో దుకాణం గుమాస్తాకో తిరుగు బస్సు లేదంటే ఉదయం బస్సు కూడా లేనట్టే. వారు ఇల్లు మారతారు, అప్పు చేసి బండి కొంటారు లేదా ఉద్యోగం మానేస్తారు. ఉదయం కిక్కిరిసిన ట్రిప్పులోనూ ఆ మేరకు టికెట్లు తగ్గుతాయి. అందుకే ప్రతి ఊరికీ ఇప్పటి చివరి బస్సు వేళను, ప్రతిపాదిత వేళను పక్కపక్కనే అచ్చువేసి ఆ ఊరి బస్టాపులోనే అతికించాలి. అభ్యంతరాల గడువు ఆ కాగితం అతికించిన రోజు నుంచే మొదలుకావాలి.