కాళ్లు దగ్గరగా పెట్టు, మేడా!

గుస్తావ్ క్లిమ్ట్ మీద నాకో ఫిర్యాదుంది. వియన్నాలో అంత పేరున్న చిత్రకారుడు కదా అని బ్యాంకర్ ఒట్టో ప్రిమవేసి నమ్మి, తొమ్మిదేళ్ల కూతురు మేడాను బొమ్మ వేయమన్నాడు. 1912లో మొదలైన పని 1913కి తేలింది. ఏం తేలింది? పిల్ల నవ్వదు. కాళ్లు ఎడంగా పెట్టి, ఒక చేయి వెనక్కి పెట్టుకుని, బాకీ వసూలుకొచ్చినట్టు మన కళ్లలోకి సూటిగా చూస్తుంది. తెల్ల గౌను ఉంది, దాని మీద పూలున్నాయి. వినయం ఒక్కటే లేదు.

అదే మా వీధి ఫొటో స్టూడియోలో అయితే అయిదు నిమిషాల పని. "కాళ్లు దగ్గరగా పెట్టు తల్లీ, గడ్డం కొంచెం దించు, స్మైల్!" వెనక తాజ్ మహల్ తెర ఉచితం. ఈయనేమో స్కెచ్చుల మీద స్కెచ్చులు గీశాడు. పిల్ల విసుక్కుంటే ఒక్క కసురు కసరాలా? ఇంకో కొద్ది నిమిషాలే అని బతిమాలేవాడట. పెద్దయ్యాక మేడానే చెప్పింది. ఇలాగైతే పిల్లలకు భయం ఎక్కడుంటుంది!

ఆయన తీరే అంత. వియన్నా యూనివర్సిటీకి వేసిన బొమ్మల మీద ప్రొఫెసర్లు సంతకాలు పెట్టి గొడవ చేస్తే, నాలుగు పూలు అద్ది సర్దుకుపోవచ్చు కదా. లేదు, 1905లో తీసుకున్న డబ్బు వెనక్కిచ్చేశాడు. అడ్వాన్సు వెనక్కివ్వడం! ఏ కల్యాణమండపం వాళ్లయినా వింటే నవ్విపోతారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. 1918లో పోయాక, ఆయన పిల్లలమంటూ ఆస్తి అడిగినవాళ్లు 14 మంది అంటారు. ఆ సంగతి మనకెందుకులెండి.

మేడా బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. తల్లి యుజీనియా బొమ్మ జపాన్‌లోని టొయోటా నగరపు మునిసిపల్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. కాబట్టి "సరిగ్గా నిలబడవే" అని చెప్పే పెద్దదిక్కు కూడా పక్కన లేదు. మేడా తర్వాత కెనడా వెళ్లి, మాంట్రియల్‌లో పిల్లల కోసం ఒక హోమ్ నడిపింది.

మొన్న మా తమ్ముడి కూతురి పుట్టినరోజుకి ఫొటోలు నేనే తీశాను. ఒకదాంట్లో అచ్చం అలాగే నిలబడింది, కాళ్లు ఎడంగా, మూతి బిగించి. వెంటనే డిలీట్ చేశాను. డిలీట్ అయినవి ఫోన్‌లో 30 రోజులుంటాయట. ఇంకా 11 రోజులున్నాయి. రోజూ ఒకసారి తెరిచి చూస్తున్నాను, పోయిందో లేదో తెలుసుకోవాలి కదా.