విశాఖలో 35, శాక్రమెంటోలో 42

ప్రవాసంలో ఉన్న పిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఒంట్లో ఎలా ఉందని అడిగాక వెంటనే అడిగేది ఎండ గురించి, వాన గురించి. అడగడం మంచిదే. అయితే అడిగే తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. ఫోన్‌లో విశాఖపట్నం పేరు పక్కన కనిపించే అంకెను తామున్న ఊరి అంకెతో పోల్చుకుని, అమ్మానాన్నలు హాయిగా ఉన్నారో లేదో అక్కడే తేల్చేసుకుంటున్నారు. జూన్ మొదట్లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి మా అబ్బాయి, "మీకు 35 డిగ్రీలే కదా నాన్నా, మాకిక్కడ 42 దాటింది" అన్నాడు. "అయితే మీ 42 మాకిచ్చి మా 35 పట్టుకుపోరా" అన్నాను. వాడు నవ్వేశాడు గాని, నేను నవ్వులాటకు అన్న మాట కాదది.

మనిషి ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, పట్టిన చెమట ఆరడం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. 35 డిగ్రీల ఎండకు 70 శాతం తేమ తోడైతే ఒంటికి తెలిసే వేడి 50 డిగ్రీల దాకా వెళ్తుంది. శాక్రమెంటోలో 42 డిగ్రీలున్న రోజు తేమ 15 శాతమే ఉంటే, ఒంటికి తెలిసేది ఆ 42 కంటే కాస్త తక్కువే. పైగా అక్కడ పొద్దు వాలాక సముద్రం వైపు నుంచి నదీముఖం గుండా చల్లగాలి లోపలికి వస్తుంది. దానిని వాళ్ళు డెల్టా బ్రీజ్ అంటారు. ఆ గాలి వచ్చిన రాత్రి కిటికీలు తీసి పడుకోవచ్చు. మాకు వేసవి రాత్రి కిటికీ తీసినా ఒకటే, మూసినా ఒకటే. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు గోడలు తెల్లవారుజాము దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి. గుండె జబ్బో చక్కెర వ్యాధో ఉన్న పెద్దవాళ్ళను కుంగదీసేది మధ్యాహ్నపు ఎండ ఒక్కటే కాదు, ఒళ్ళు తేరుకోవడానికి వీలివ్వని ఈ రాత్రులు కూడా. వడగాలిని ప్రకటించడానికి వాతావరణ శాఖ మైదానాలకు 40 డిగ్రీలు, కోస్తాకు 37 డిగ్రీలు అని వేర్వేరు కనీస కొలతలు పెట్టుకుంది. కోస్తా ఎండను మైదానపు ఎండతో ఒకే గాటన కట్టకూడదని ఆ శాఖకు తెలుసు. ఫోన్ చూసుకుని నిశ్చింతగా ఉండే మన పిల్లలకే ఇంకా తెలియవలసి ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు ఫోన్లు మూగబోయాయి, కైలాసగిరి మీది రాడారు కూడా పనిచేయడం మానేసింది, ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న విశాఖవాసులు నిద్ర మాని టీవీల ముందు కూర్చున్నారు. ప్రవాస సంఘాలు పంపిన సాయాన్ని ఈ ఊరు మరిచిపోలేదు. ఆ తుఫానుకు రాష్ట్రంలో పోయిన ప్రాణాలు పదుల్లో ఉన్నాయి. ఏడాది తిరగకుండానే, 2015 వేసవిలో, ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు చనిపోయినవారు 1,300 మందికి పైమాటేనని ప్రభుత్వమే లెక్క చెప్పింది. అప్పుడు విరాళాల పిలుపు నాకైతే ఎక్కడా వినిపించలేదు. తుఫానుకు పేరుంటుంది, ఫొటోలుంటాయి, విరిగిపడిన చెట్లుంటాయి. ఎండకు అవేమీ ఉండవు కనుక రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న పాత మాట ఒకటి అనుకుని ఊరుకుంటాం.

ఇంతకీ ఫోన్‌లోని ఆ అంకె ఎక్కడిది? విశాఖలో వాతావరణ శాఖ వాల్తేరులో ఒకచోట, ఎయిర్‌పోర్టులో ఒకచోట ఉష్ణోగ్రత కొలుస్తుంది. వాల్తేరు సముద్రానికి దగ్గర, ఎయిర్‌పోర్టు కొండల వెనక. వేసవిలో ఈ రెండు అంకెలూ ఒకటి కాని రోజులే ఎక్కువ. చాలా యాప్‌లు చూపేది ఈ రెండింటిలో ఏదీ కాదు, కొన్ని కిలోమీటర్ల గడికంతటికీ కంప్యూటరు కట్టిన అంచనా. దానిని తప్పుపట్టను, అంచనా లేకపోవడం కంటే ఉండడం మేలే. కాని గాజువాకలో రేకుల ఇంట్లో ఉన్న పెద్దమ్మకూ, లాసన్స్ బే కాలనీలో సముద్రానికి ఎదురుగా ఆరో అంతస్తులో ఉన్న బాబాయికీ ఒకే అంకె వర్తిస్తుందనుకోవడం పొరపాటు.

ఈ ఊరి ఎండను నడిపించేది గాలి. నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తే, సముద్రం మీది చల్లని గాలి ఒడ్డెక్కుతుంది. పడమటి గాలి బలంగా వీస్తున్న రోజున మాత్రం సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది, ఊరు 40 డిగ్రీల వైపు పరుగెత్తుతుంది. దీనిని కనిపెట్టడానికి యాప్ అక్కరలేదు. ఉదయం పదకొండు గంటలకు మా మేడ మీద తీగకు ఆరేసిన దుప్పటి కొండల వైపు ఎగురుతుంటే సముద్రపు గాలి వచ్చినట్టే. అది సముద్రం వైపు ఎగురుతూ, చేత్తో పట్టుకుంటే అరగంటలోనే కరకరలాడేలా ఎండిపోయి ఉంటే, ఆ మధ్యాహ్నం బ్యాంకు పనీ రేషను పనీ ఏదీ పెట్టుకోకూడదు. పిల్లలు అడగవలసిన ప్రశ్న "ఎంత ఉంది" అని కాదు, "గాలి ఎటు నుంచి వస్తోంది, రాత్రి నిద్ర పట్టిందా" అని.

పిడుగుల సంగతికి వస్తే, మాకు ఏప్రిల్, మే నెలల సాయంత్రాలే వాటి కాలం. 2018 ఏప్రిల్ 24న 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఉరిమితే "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అని చదువుకోవడం మన ఇళ్ళలో అందరికీ అలవాటే. పిల్లల భయం పోగొట్టడానికి అది బాగానే పనికొస్తుంది. చెట్టు కింద నిలబడి చదివితే మాత్రం ఫల్గుణుడు కూడా చేయగలిగింది లేదు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెడితే, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం తెలుస్తుంది. లెక్క 30 దాటకుండానే ఉరిమిందంటే ఇంట్లోకి వెళ్ళిపోవాలి, చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి రాకూడదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపి హెచ్చరిస్తుంది. పల్లెల్లో పొలం పనులకు వెళ్ళే బంధువుల ఫోన్లలో దానిని పెట్టించండి.

మనకు పిడుగు చాలావరకు వానను వెంటబెట్టుకుని వస్తుంది. 2020 ఆగస్టు మధ్యలో ఉత్తర కాలిఫోర్నియాలో పిడుగులు పడినప్పుడు చాలాచోట్ల చినుకులు నేల చేరకముందే ఆవిరైపోయాయి, వందల చోట్ల అడవి అంటుకుంది. ఆ పొగ, ఇతర మంటల పొగతో కలిసి సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో ఆకాశాన్ని పట్టపగలే నారింజ రంగుకు తిప్పింది. ఆ ఫొటోలు చూసి ఇక్కడ కంగారుపడింది మేము. గాలి నాణ్యత సూచీ అంటే ఏమిటో ఆ రోజుల్లోనే మా పిల్లలు మాకు నేర్పారు. ఇప్పుడు అదే సూచీ రెండు దేశాల మధ్య కొత్త తికమక తెచ్చిపెట్టింది, దీనిని కాస్త వివరంగానే చెప్పాలి. పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. భారతదేశపు కొలబద్దలో అది 100, "సంతృప్తికరం". అమెరికా కొలబద్దలో అదే గాలి 150 దాటుతుంది, ఎర్ర రంగు, "అనారోగ్యకరం". శాక్రమెంటోలో కూర్చున్న కొడుకు విశాఖను ఎర్రగా చూసి హడలిపోతాడు, ఇక్కడి తండ్రి అంతా బాగానే ఉందంటాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే గాలిని. అమెరికా 2024లో తన కొలబద్దను ఇంకా బిగించింది కూడా. ఊపిరితిత్తులకు దేశభక్తి లేదు కనుక బిగువైన కొలబద్దనే నమ్మడం మంచిదని నా అభిప్రాయం. మాటల్లో సూచీని వదిలిపెట్టి మైక్రోగ్రాములే చెప్పుకుంటే ఈ గొడవే ఉండదు.

మా ఊళ్ళో అడవి మంటల పొగ తక్కువే. వన్‌టౌన్‌లోను, మల్కాపురంలోను ఆరేసిన తెల్లపంచె మీద వేలితో గీస్తే వచ్చే నల్లటి చార పోర్టు బొగ్గుది. ఒక వైపు కైలాసగిరి వరస, ఇంకొక వైపు యారాడ కొండ ఉండడంతో చలికాలపు రాత్రి గాలి ఆడకపోతే ఆ ధూళి, బళ్ళ పొగ, చెత్త తగలబెట్టిన పొగ అన్నీ ఊరిమీదే ఉండిపోతాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషపు ఆవిరి కమ్ముకున్నప్పుడు, గాలి ఎటు వీస్తోందన్నది దాని పక్కనున్న వెంకటాపురం వాళ్ళకు ప్రాణాల మీది ప్రశ్న అయింది.

ఈ ఊరికి వాతావరణాన్ని సొంతంగా గమనించుకునే అలవాటు కొత్తదేమీ కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో తమ ఇంటి ఆవరణలోనే వేధశాల నెలకొల్పారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దానిని నడిపారు. నక్షత్రాలతో పాటు అక్కడ వాతావరణ కొలతలు కూడా నమోదయ్యేవి. సర్కారు శాఖ ఉండగా మనకెందుకని ఇవాళ అనేవాళ్ళుంటారు. శాఖ పని ఊరంతటికీ అంచనా చెప్పడం. మన వీధి వేడి రాయడం మన పని.

కాబట్టి ప్రవాస సంఘాలకు నా సూచన ఇది: తుఫాను వచ్చాక పంపే విరాళంలో కొంచెం ముందే తీసి, ఉష్ణోగ్రతా తేమా కలిపి చూపే చిన్న మీటర్లు కొనివ్వండి. బడులకు ఇవ్వాలని మొదట అనిపిస్తుంది గాని, ఎండలు మండే రోజుల్లో బడులకు సెలవులు. అపార్టుమెంటు సంఘాలకు, బీచ్ రోడ్డు వాకర్స్ క్లబ్బులకు ఇస్తే పెద్దవాళ్ళే రాస్తారు, మాకు తీరికకు లోటు లేదు. నేరుగా ఎండ తగలని చోట, మనిషి ఎత్తున వేలాడదీసి, ఉదయం ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి అంకెలతో పాటు గాలి దిక్కు కూడా రాస్తే చాలు. ప్రతి అపార్టుమెంటుకూ రెండు మీటర్లు కావాలి. ఒకటి మెట్ల దగ్గర నీడలో పెట్టడానికి. రెండోది రేకుల కప్పు కింద ఉండే వాచ్‌మన్ గదిలో పెట్టడానికి. రాత్రి పది గంటల అంకె ముందు ఆ గదిదే రాయాలి, దానిని చూశాక ఆ గదికి ఏం చేయాలో సంఘం సమావేశంలో మాట్లాడుకోవాలి.